పాత నంబరు

స్రవంతికి మంగళవారం సాయంత్రం నాలుగింటి వరకు గడువు ఉంది. ఆలోగా మిర్యాలగూడలో ఎనభై నాలుగు వేలు కట్టాలి. కడితే రెండు క్రెడిట్ కార్డుల మీద ఉన్న రెండు లక్షల పన్నెండు వేల అప్పు తీరిపోయినట్టే అని ఆమెకు చెప్పారు. చెప్పినవాళ్ళు నమ్మదగినవాళ్ళా కాదా అన్నది ఆ గడువులోపే తేలాలి. ఆండాళును పిలిచింది అందుకే.

ఆండాళుకు అరవై మూడేళ్ళు. చిట్టీల కంపెనీల లెక్కలు తనిఖీ చేసే సర్కారు ఉద్యోగంలో ముప్పై ఆరేళ్ళు పనిచేసింది. రిటైరయ్యాక సూర్యాపేటలో ఒక గది కిరాయికి తీసుకుని ప్రైవేటు విచారణలు చేస్తోంది. హత్యలు ఆమె దగ్గరికి రావు. కాగితాలు వస్తాయి.

జూలై ఎనిమిది, ఆ మంగళవారం. ఉదయం 8.10 బస్సెక్కింది. మునగాల దాటుతుండగా కొడుకు సందీప్ ఫోన్ చేశాడు.

"అమ్మా, బీపీ గోలి ఏసుకున్నవా?"

"ఏసుకున్న. ఏడున్నవ్?"

"షోరూంల. ఇయ్యాల స్టాక్ వస్తది. పొద్దుగూకే దాంక గీడనే."

"గీ కొత్త నంబర్ నాకు నోటికి వస్తలేదురా. పాతదే మళ్ళ తీసుకోరాదు?"

"తీసుకుంటనే. ఫోన్ నీళ్లల్ల పడ్డప్పటి సంది టైమే దొరుకతలేదు."

సందీప్ సూర్యాపేటలో ఒక సెల్‌ఫోన్ల షోరూంకు మేనేజరు. ఈ మాట మూడు వారాలుగా చెబుతున్నాడు. ఆండాళు ఫోను సంచిలో పెట్టుకుంది.

9.25కు కోదాడలో స్రవంతి పనిచేసే స్కూలు స్టాఫ్ రూములో కూర్చుంది. స్రవంతికి ముప్పై నాలుగు. ఏడో తరగతికి లెక్కలు చెబుతుంది. ఆ పూటకు సెలవు పెట్టింది.

"మొదటి కార్డు దేనికి వాడినవ్?"

"అమ్మ మోకాలి ఆపరేషన్‌కు మేడం. ఖమ్మంలో. లక్షా పది వేలు."

"తర్వాత?"

"ప్రతి నెలా మినిమం కట్టుకుంటూ వచ్చాను. పద్నాలుగు నెలలు."

"మొత్తం ఎంత కట్టినవ్?"

"డెబ్బై వేలు దాటింది. అప్పు తగ్గలేదు, పెరిగింది. అది తీర్చడానికి రెండో కార్డు తీసుకున్నాను." తల వంచుకుంది. "లెక్కల టీచర్ని మేడం. నవ్వకండి."

"నేను నవ్వుతలేను. ఫోన్లు ఎప్పటి సంది?"

"మార్చి నుంచి. రోజుకు ముప్పై. ఒకరోజు ప్రిన్సిపాల్ సార్‌కు చేశారు. ఆయన క్లాసుకొచ్చి, ఫోను నా చేతిలో పెట్టి, 'నీకేనమ్మా' అన్నాడు. పిల్లలు చూస్తున్నారు."

మే నెలలో బస్టాండు గోడ మీద ఒక కాగితం చూసింది. ఊరట సర్వీసెస్, మిర్యాలగూడ. కార్డుల అప్పు సెటిల్ చేస్తాం, ఫోన్లు ఆపిస్తాం. మే ఇరవై ఎనిమిదిన వెళ్ళింది. ఫీజు పన్నెండు వేల ఐదు వందలు.

"అంతమంది ఉంటరు గద అసొంటోళ్లు. వీళ్లనే ఎందుకు నమ్మినవ్?"

స్రవంతి వెంటనే చెప్పింది. "లోపలి గదిలో ఒక సార్ ఉన్నాడు. నేను కూర్చోగానే నీళ్ళిచ్చాడు. అప్పెంత అని అడగలేదు. 'నెలకెంత కట్టగల్గుతవమ్మా' అన్నాడు. బ్యాంకు వాళ్ళు ఒక్కసారి కూడా ఆ మాట అడగలేదు మేడం. నాకు ఏడుపొచ్చింది."

ఆండాళు పెన్ను ఆగింది. ఆ ప్రశ్న ఆమెకు తెలుసు. నలభై మూడేళ్ళ కింద విన్నది.

"పేరు?"

"మూర్తి సార్ అంటారు. అరవై లోపే ఉంటాయి."

"ఏమేం ఇచ్చినవ్?"

"ఆధార్, పాన్ జిరాక్సులు. ఫొటో తీసుకున్నారు. ఫోను ముందు రెండుసార్లు కళ్ళార్పమన్నారు, బ్యాంకు ఫైలుకట. తర్వాత నా సిమ్."

"సిమ్ ఎందుకు?"

"బ్యాంకోళ్ళ ఫోన్లు వాళ్ళే ఎత్తుతారట. నన్ను కొత్త నంబరు తీసుకోమన్నారు. ఇంట్లో ఏం చెప్పాలో కూడా వాళ్ళే చెప్పారు." ఆగి అంది. "నలభై ఒక్క రోజులు మేడం. ఒక్క ఫోను రాలేదు. నిద్రపోయాను. ఆ నిద్రకే పన్నెండున్నర వేలు ఇచ్చాననుకున్నాను."

బ్యాంకు పంపినట్టు చెప్పిన సెటిల్‌మెంట్ ఉత్తరం తీసి టేబుల్ మీద పెట్టింది. ఆండాళు కళ్ళద్దాలు మార్చుకుంది. ఉత్తరం రెండుసార్లు చదివింది.

"తారీకు జూన్ పద్నాలుగు. అది రెండో శనివారం. బ్యాంకు తెరవదు."

స్రవంతి ఉత్తరం వైపు వంగింది.

"కిందికి చూడు. ఇది కంప్యూటర్ తయారుచేసిన ఉత్తరం, సంతకం అవసరం లేదు అని అచ్చేసిన్రు. దాని కిందనే రూపాయి రెవెన్యూ స్టాంపు, స్టాంపు మీద సంతకం. నేను ఇన్నేండ్లల్ల స్టాంపు పెట్టిన బ్యాంకు ఉత్తరం చూడలే."

"ఆ స్టాంపు నేనే అడిగాను మేడం."

"నువ్వా?"

"కాగితం ఇస్తే, స్టాంపు లేకుండా ఎట్లా నమ్మాలి అన్నాను. అమ్మ కూడా వచ్చింది ఆ రోజు. స్టాంపు లేని కాగితం కాగితమేనా అంది. ఆ సార్ నవ్వి, లోపలికి పోయి అతికించుకొచ్చాడు."

స్టాంపు లేని కాగితాన్ని ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరూ డబ్బు కాగితం అనుకోరు. అడిగిన ఆమెకు అడిగినట్టే ఇచ్చాడు. ఆ ఇవ్వడంలోనే అతను ఒక పొరపాటు చేశాడు. ఆండాళు దాన్ని స్రవంతికి చెప్పలేదు. స్టాంపు కింది కుడి మూలన, సంతకం అయిపోయిన చోట, రెండు చిన్న నిలువు గీతలు ఉన్నాయి. ఒకటి స్టాంపు మీద, ఒకటి కాగితం మీద.

1982లో ఆండాళుకు ఇరవై. సూర్యాపేట మార్కెట్ దగ్గర రామలింగయ్య చిట్టీల దుకాణంలో లెక్కలు రాసేది. పరుపు మీద కూర్చుని రామలింగయ్య నేర్పిన మొదటి పని ఆ రెండు గీతలు. ఒకటి లోపల, ఒకటి బయట. ఎవరైనా స్టాంపు ఊడదీసి ఇంకో కాగితానికి అతికిస్తే గీతలు కలవవు. ఆ పద్ధతి ఇంకే దుకాణంలోనూ లేదు. తర్వాత ముప్పై ఆరేళ్ళ తనిఖీల్లో ఆమెకు ఇంకెక్కడా కనబడలేదు. ఆ గీతలు గీసినవాళ్ళు ముగ్గురు. రామలింగయ్య పోయి పదకొండేళ్ళయింది. ఒకరు ఆండాళు. మూడోవాడు కృష్ణమూర్తి. దుకాణంలో అతన్ని అందరూ మూర్తి అనేవారు.

"పైసలు తెచ్చినవా?"

"పొద్దున అమ్మ గొలుసు కుదవబెట్టాను. బ్యాగులో ఉన్నాయి."

"ఉత్తరం దొంగది. పైసలు కట్టేది లేదు. కానీ నీ సిమ్ గాడున్నది, అది వాపస్ కావాలె. నేను నీ పెద్దమ్మను, మిర్యాలగూడ దాంక తోడు వచ్చిన. సంచి నీ ఒళ్లోంచి దింపకు. నేను చెప్పే దాంక రూపాయి బయటికి తియ్యకు."

స్రవంతి ఉత్తరాన్ని రెండు చేతులతో పట్టుకుంది. "చింపేయనా?"

"చింపకు. అది సాక్ష్యం."

హుజూర్‌నగర్ మీదుగా వెళ్ళే 12.30 బస్సు పట్టుకున్నారు. 2.35కు ఊరట సర్వీసెస్ మెట్లెక్కారు. రైల్వే స్టేషన్ రోడ్డులో ఎరువుల దుకాణం పైన రెండు గదులు. ముందు గదిలో ఒక టేబుల్, నాలుగు కుర్చీలు, గోడకు క్యాలెండరు. టేబుల్ మీద ఆరు చిన్న ఫోన్లు వరుసగా ఉన్నాయి. ఒక్కో ఫోను వెనక తెల్ల కాగితం మీద పేరు రాసి అతికించారు. టేబుల్ వెనక ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి కూర్చుని ఉంది.

"సార్ లేరమ్మా. నాలుగింటికి వస్త అన్నరు. పైసలు తెస్తె నన్ను తీస్కొమ్మన్నరు."

"ఇస్తం బిడ్డా. జరసేపు కూసోనియ్యి, మెట్లెక్కితె ఆయాసం వచ్చింది." ఆండాళు కుర్చీ లాక్కుంది. "నీ పేరేంది?"

"భాగ్య."

"ఏ ఊరు?"

"హాలియా."

"రోజు గంత దూరం నుంచి వస్తవా? జీతమెంత ఇస్తరు?"

"తొమ్మిది వేలు. ప్రతి నెల పదో తారీకుకు ఇస్తరు. ఈసారి నిన్ననే ఇచ్చిన్రు. రేపటి సంది పదిహేను రోజులు రావొద్దు, సెలవన్నరు."

ఆండాళు క్యాలెండరు చూసింది. ఎనిమిదో తారీకు చుట్టూ సున్నా చుట్టి ఉంది. తర్వాతి తారీకుల్లో ఏమీ రాసి లేదు.

మూడో ఫోను మోగింది. భాగ్య తీసింది. "హలో. అన్న దవాఖానల ఉన్నడండి. మాట్లాడస్తలేదు. నేను చెల్లెను." పెట్టేసింది.

"ఎవరి చెల్లెవు బిడ్డా?"

"గీ ఫోనాయనకు." వెనక పేరు చదివింది. "పొద్దుటి సంది ముగ్గురికి చెల్లెను, ఇద్దరికి భార్యను అయిన. ఒకాయనకు అత్తను గూడ అయిన, గొంతు మార్చి." నవ్వబోయి, స్రవంతి ముఖం చూసి ఆగింది.

"ఓటీపీలు గూడ వస్తయా?"

"వస్తయి. సార్‌కు చదివి చెప్త. సెటిల్‌మెంట్‌వి అన్నరు."

"రోజుకెన్ని?"

"ముందుగాల రెండు మూడు. ఈ నెల రోజుకు ఇరవై దాంక."

మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. 3.05. తలుపు తోసుకుని వచ్చినవాణ్ణి చూసి ఆండాళు సంచి దగ్గరికి లాక్కుంది. నాగేష్. రిటైరయిన సబ్ ఇన్‌స్పెక్టరు. ఇప్పుడు బ్యాంకుల తరఫున, అప్పు ఎగ్గొట్టినవాళ్ళను వెతికిపెడతాడు. ఇద్దరూ అవే కాగితాల వెంట చెరొక వైపు నుంచి తిరిగి నాలుగేళ్ళవుతోంది.

"ఏం ఆండాళమ్మా, చిట్టీలు ఖతమైనయా? కార్డుల మీద పడ్డవ్?"

"నువ్వు నౌకరీ ఇడిసినా లాఠీ ఇడువలే గద నాగేష్. తలుపు కొట్టి వస్తరు మనుషులు."

"నా పార్టీకి అరవై రెండు మంది ఫోన్లు ఎత్తుతలేరు. ఎత్తితె అందరు దవాఖానలనే ఉంటున్నరు. గన్ని దవాఖానలు ఏడున్నయా అని టవర్లు చూపిచ్చిన. అన్నీ గీ గల్లీ మీదికే వచ్చినయి." టేబుల్ మీది ఫోన్ల వైపు చేయి చాచాడు. "ఇవి తీస్కపోత."

భాగ్య లేచి నిలబడింది. "సార్‌ను అడగాలె."

"ముట్టకు," అంది ఆండాళు. "కాగితమున్నదా నీ తాన?"

"నీ తాన ఉన్నదా?"

"నేను కస్టమర్‌తోని వచ్చిన. ఆమె సిమ్ ఆమెకు కావాలె. నువ్వు ఎవరి తోని వచ్చినవ్?"

నాగేష్ స్రవంతి వైపు తిరిగాడు. పేరు అడిగాడు. జేబులోంచి మడిచిన జాబితా తీసి వేలితో వెతికాడు.

"మీరేనా? కోదాడ టీచరమ్మ. పాత అప్పు కట్టలేరు, దవాఖానల పడుంటరు. జూన్ ఇరవైన లక్షా యాభై వేల కొత్త లోన్ మాత్రం తీస్కుంటరు. జూన్ ఇరవై ఆరున ఇంకో ఎనభై. మంచిగున్నదమ్మా మీ లెక్క."

"నేను ఏ లోనూ తీసుకోలేదు."

"మీ ఫొటో ఉన్నది. కండ్లు ఆర్పిన వీడియో ఉన్నది. మీ నంబర్‌కు ఓటీపీ వచ్చింది. కొత్త ఖాతా గూడ మీ పేరు మీదనే తెరిచిన్రు. పైసలు పడ్డ ఇరవై నిమిషాల్ల ఖాళీ. నేను చేసిన్నా మరి?"

స్రవంతి సంచిని రెండు చేతులతో పొట్టకు అదుముకుంది.

ఆండాళు జాబితా అతని చేతిలోంచి తీసుకుంది. అతను ఆపలేదు. పేర్లు చదివింది, తారీకులు చదివింది.

"నాగేష్, నువ్వు ఎతుకుతున్నది ఎగవేతదారులను గాదు. సిమ్ములిచ్చి నిద్రపోతున్నోళ్లను. వీళ్లకు ఒక్కొక్కరికి అప్పు రెండింతలైంది. వీళ్లకింకా తెల్వదు."

"గది నా పని గాదు. నాకు మనిషిని చూపెడితె కమీషన్."

"ఇరవై ఎనిమిదేండ్లు ఖాకీ ఏసుకున్నవ్. ఒక్క నిమిషం గది యాది చేసుకో."

నాగేష్ కుర్చీ వెనక నిలబడి సిగరెట్ పెట్టె తీసి, వెలిగించకుండా మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

ఆండాళు వెనక గది తలుపు తోసింది. తాళం లేదు. భాగ్య "అమ్మా, వద్దు" అంటూ రెండడుగులు వచ్చి, ఆగి, తన ఫోను తీసుకుని బయట మెట్ల మీదికి వెళ్ళి, లోపలికి చూస్తూనే నంబరు నొక్కింది. ఎవరికి చేస్తోందో ఆండాళుకు అర్థమైంది. ఆపలేదు. అప్పటికి 3.22.

వెనక గదిలో కిటికీ లేదు. ఒక మడత మంచం, ఒక సంచి, గోడకు చెక్క గూళ్ళ అల్మారా. గూళ్ళు ముప్పై ఒకటి. ఒక్కో గూటికి తెల్లరంగుతో అంకె.

ఆండాళు కాసేపు అక్కడే నిలబడింది. రామలింగయ్య దుకాణంలో కూడా పేర్ల వరుస ఉండేది కాదు. చిట్టీలో చేరిన తారీకును బట్టి గూడు. రెండో తారీకున చేరినవాడు ఎన్నేళ్ళయినా రెండో గూటిలోనే. పేరు మర్చిపోయినా తారీకు ఎవరూ మర్చిపోరని ఆయన అనేవాడు. ఆదివారం సాయంత్రం చిట్టీ పాట మొదలయ్యే ముందు ఆండాళు ఆ గూళ్ళు తుడిచేది. మూర్తి ఇత్తడి చెంబు తోమి తెచ్చేవాడు. బంక వాసన, చాయ్ వాసన కలిసి ఉండేవి.

ఇరవై ఎనిమిదో గూటిలో చేయి పెట్టింది. జీతాలిచ్చే ఖాకీ కవర్లు రెండు. మొదటిదాని మీద స్రవంతి, కోదాడ అని ఉంది. పేరు పక్కన రెండు నిలువు గీతలు. కవరులో సిమ్, జిరాక్సులు.

"నీ సిమ్ దొరికింది," అని కవరు స్రవంతికి ఇచ్చింది. "ఫోన్ల వెయ్యి. సైబర్ పోలీసుల నంబర్ పందొమ్మిది వందల ముప్పైకి ఫోన్ చేసి, నీ పేరు మీద లోన్లు ఎవరో తీసిన్రని కంప్లైంటు రాయించు. నంబర్ ఇచ్చిందాంక ఫోన్ పెట్టకు."

పది నిమిషాలు పట్టింది. స్రవంతి చెప్పింది, రాసుకుంది, కంప్లైంటు నంబరు రెండుసార్లు చదివి సరిచూసుకుంది. ఆ వేళకు భాగ్య లోపలికొచ్చి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఏడుస్తోంది.

"నాకు తెల్వదమ్మా. సెటిల్‌మెంట్ అన్నరు. మా నాయన గూడ పొలానికి బ్యాంకుల తీసిండు. నేను మంచి పని చేస్తున్న అనుకున్న."

"తెల్వదని నాకు తెలుసు. ఒక్కటి చెప్పు. సిమ్ ఇచ్చినోళ్లు ఇంట్ల ఏం చెప్పుకుంటరు?"

"సార్ అందరికి ఒక్కటే మాట నేర్పుతరు." కళ్ళు తుడుచుకుంది. "ఫోన్ నీళ్లల్ల పడ్డదని చెప్పుమంటరు."

ఆండాళు చేయి అల్మారా అంచు మీద ఉంది. అక్కడే ఉండిపోయింది.

సెల్‌ఫోన్ల షోరూం మేనేజరుకు పోయిన నంబరు మళ్ళీ తెచ్చుకోవడం ఎంతసేపటి పని? రోజుకు పదిమందికి చేసి పెడతాడు. మూడు వారాలుగా టైం దొరకడం లేదన్నాడు. ముప్పై ఆరేళ్ళు ఇతరుల కాగితాల్లో తేడాలు పట్టుకున్న మనిషి ఆ మాట విని ఫోను సంచిలో పెట్టుకుంది.

మూడు వారాల కింద మంగళవారం. జూన్ పదిహేడు.

పదిహేడో గూటిలో మూడు కవర్లు ఉన్నాయి. మూడోదాని మీద సందీప్, సూర్యాపేట అని ఉంది. పక్కన రెండు గీతలు. లోపల ఆధార్ జిరాక్సు, పాన్ జిరాక్సు, ఒక కాగితం మీద ఐదు కార్డుల పేర్లు. సిమ్ లేదు.

3.46కు ఆమె ఫోను మోగింది. తెర మీద సందీప్ అని పేరు పడింది. కొత్త నంబరు కాదు. పాతది.

ఆండాళు నాగేష్‌ను చూసి పెదాల మీద వేలు పెట్టింది. స్పీకరు నొక్కింది.

"ఆండాళక్కా. మంచిగున్నవా?"

"మంచిగున్న మూర్తీ."

"ఇరవై ఏండ్లాయె నీ గొంతు విని. భాగ్య చెప్పింది, ఎవరో పెద్దమ్మ గూళ్లల్ల తారీకు చూసి చెయ్యి పెట్టిందని. ఇంకెవరు పెడ్తరు గట్ల?"

"రెండు గీతలు ఇడువలేదు గద నువ్వు."

"చెయ్యి ఊకోలే అక్కా." గొంతు మారింది. "టైం లేదు. టీచరమ్మ పైసలు భాగ్యకియ్యమను. భాగ్య నాకు తెచ్చిస్తది. నీ కొడుకు సిమ్ ఆ పిల్ల చేతిల పెడ్త. వాని పేరు మీద ఇంకా ఏం తియ్యలే. నువ్వని తెల్సినంక చెయ్యి రాలే."

"ఇయ్యకపోతె?"

"వానికి షోరూం జీతమున్నది. నాలుగు లక్షల దాంక వస్తది. పావుగంట పని. నాలుగైతె మొదలువెడ్త."

గోడ గడియారంలో 3.49. స్రవంతి తలుపు దగ్గర నిలబడి వింటోంది. సంచి జిప్పు తెరిచింది. ఎనభై నాలుగు వేలున్న కట్ట సగం బయటికి తీసింది. ఆమె పెదాలు కదిలాయి. మీ అబ్బాయి కదా మేడం.

ఆండాళు తల అడ్డంగా ఊపింది. ఊరట సర్వీసెస్ కాగితం ఒకటి తిరగేసి, పొద్దున వచ్చిన కాల్ చూసి దాని వెనక సందీప్ కొత్త నంబరు రాసింది. కింద ఒక్క వరుస రాసింది. అమ్మకు అన్నీ తెలుసు, పాత సిమ్ ఇప్పుడే బ్లాక్ చెయ్యమను. స్రవంతి చదివింది. కట్ట లోపలికి తోసి, జిప్పు వేసి, ఫోను తీసుకుని మెట్ల మీదికి నడిచింది.

"అక్కా, ఉన్నవా?"

"ఉన్న. ఒక మాట అడుగుత మూర్తీ. ఆదివారం పాటకు ముందుగాల పెద్దాయన ఏం చేసేటోడో యాదికున్నదా?"

ఆండాళు ఆగింది.

"ఎవరు మునిగిన్రో వాళ్లను ముందు పిలిచేటోడు," అన్నాడు కృష్ణమూర్తి. "ఎనక తలుపుల కెళ్లి. నలుగురు చూడొద్దని."

"పిలిచి?"

"చాయ్ తాపేటోడు. నెలకెంత కట్టగల్గుతవని అడిగేటోడు. వాళ్లు ఎంతంటె గంత రాయమనేటోడు నిన్ను."

"మా నాయనను గూడ గట్లనే అడిగిండు."

"యాదికున్నది. అప్పు నోటు బీరువల కెళ్లి నేనే తెచ్చిన. ఆఖరు కిస్తు కట్టిన రోజు. పెద్దాయన నోటు చింపిండు. సంతకమున్న స్టాంపు ముక్క మీ నాయన చేతిల పెట్టిండు."

"నాయన ఏం చేసిండు?"

"రుమాల్ల కట్టుకున్నడు. బయటికి పోయినోడు మళ్ల వచ్చి, పెద్దాయనకు దండం వెట్టిండు. పెద్దాయన కోపానికొచ్చిండు. అప్పు తీర్సినోడు దండం పెట్టొద్దన్నడు."

"ఆ ముక్క ఇంక నా పెట్టెల ఉన్నది మూర్తీ."

అవతలివైపు వెనకాల గంట మూడుసార్లు మోగింది. తర్వాత ఒక ఆడగొంతు. గుంటూరు వైపు వెళ్ళే బండి, రెండో నంబరు ప్లాట్‌ఫారం. నాగేష్ తల ఎత్తాడు. ఆండాళు చూసింది. అతను చప్పుడు కాకుండా తలుపు దాకా వెళ్ళి, బూట్లు విప్పి చేతిలో పట్టుకుని మెట్లు దిగాడు. స్టేషన్ మూడు వందల గజాలు.

3.55.

"దుకాణం ఎట్ల మూతపడ్డది?"

"ఆయన పోయినంక కొడుకులు అమ్ముకున్నరు. నాకు నెల జీతం ఇచ్చి పంపిన్రు. కార్డులు తీసుకున్న. మూడు. పిల్ల కాలేజీ ఫీజు." ఊపిరి వినిపించింది. "నాకు గూడ ఫోన్లు వచ్చినయి అక్కా. రెండేండ్లు. ఒక్కడన్న అడిగిండా నన్ను, నెలకెంత కట్టగల్గుతవని?"

"గదే ప్రశ్నతోని నువ్వు జనాన్ని ముంచినవ్."

"ఆ ప్రశ్న అడిగితె ఏమైనా ఇస్తరక్కా. నేను సూసిన. సిమ్ ఇస్తరు, గొలుసు ఇస్తరు. పెద్దాయన ఎన్నడు ఏం తీసుకోలే గని, తీసుకుంటె ఊరంత రాసిచ్చేటోళ్లు." ఆగాడు. "రెండు నిమిషాలున్నది. పైసలు భాగ్యకిచ్చినవా?"

"ఇయ్యలే."

"నీ కొడుకు అక్కా."

"అవును. నా కొడుకే. స్రవంతి గూడ ఒక తల్లి బిడ్డనే. గొలుసు గా తల్లిది."

"అక్కా, నేను మొదలువెడితె ఇగ ఆపే..."

మాట మధ్యలో తెగింది. తెర మీద సందీప్ అన్న పేరు పోయింది. 3.58.

ఆండాళు ఆ నంబరుకు తిరిగి చేసింది. ఈ నంబరు సేవలో లేదన్నది ఫోను. చివరిదాకా విని పెట్టేసింది.

స్రవంతి మెట్ల మీది నుంచి లోపలికొచ్చింది. "చేశాడు మేడం. మీ పేరు చెప్పగానే ఒక్క మాట అడగలేదు. లైన్లో నన్ను ఉంచి బ్లాక్ చేశాడు." తర్వాత మెల్లగా అంది. "ఏడుస్తున్నాడు."

గోడ గడియారం నాలుగు కొట్టింది. ఎనభై నాలుగు వేలు స్రవంతి సంచిలోనే ఉన్నాయి.

"ఇగ నీ పని విను," అంది ఆండాళు. "రేపు పొద్దున అమ్మ గొలుసు ఇడిపించు. ఎల్లుండి బ్యాంకు బ్రాంచికి నువ్వే పో. నెలకెంత కట్టగల్గుతవో కాగితం మీద రాసియ్యి. అందినట్టు ముద్ర ఏయించుకో. ఏం కట్టినా నీ కార్డు ఖాతాకే పోవాలె, ఇంకెవరి ఖాతాకు పోవద్దు. దొంగ లోన్లకు ఇయ్యాలటి కంప్లైంటు నంబర్ జత చెయ్యి. బ్రాంచోళ్లు వినకపోతె నాకు ఫోన్ చెయ్యి, పక్కన కూసుంట. ఫీజు వద్దు."

"నమ్మకంగా సాయం చేసేవాళ్ళు దొరకరనుకున్నాను మేడం."

పదిహేడో గూటి కవరు ఇంకా ఆండాళు చేతిలో ఉంది. కాగితం మీద ఐదు కార్డుల పేర్లు సందీప్ రాతలోనే ఉన్నాయి. ఆఖరి పేరు దగ్గర పెన్ను ఆగి మళ్ళీ మొదలైంది. సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దాకా బస్సులో వచ్చి, ఈ గదిలో కూర్చుని, మూర్తి ఇచ్చిన నీళ్ళు తాగాడు. అమ్మ గది షోరూం నుంచి పది నిమిషాల నడక. అక్కడికి రాలేదు.

స్టేషన్ వైపు నుంచి బండి కూత వినిపించింది. బండి ఆగిందో, కదిలిందో ఇక్కడి నుంచి తెలియదు. నాగేష్ దగ్గర నుంచి ఫోను రాలేదు.

4.03కు ఆమె ఫోను మళ్ళీ మోగింది. ఈసారి కొత్త నంబరు. భాగ్య, స్రవంతి ఇద్దరూ ఆమె ముఖంలోకి చూస్తున్నారు. ఆండాళు వెనక గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. మడత మంచం మీద కూర్చుని ఫోను ఎత్తింది.

అవతల షోరూంలో ఎవరో కస్టమరు ధర అడుగుతున్నాడు.

"అమ్మా," అన్నాడు చివరికి. "అప్పెంతనో చెప్తనే. తిట్టు, గని..."

"అప్పెంతనో తర్వాత చెప్పు," అంది ఆండాళు. "నెలకెంత కట్టగల్గుతవ్ బిడ్డా?"